ఉల్లి లెక్క ఆకుల్లో ఉంది

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఫిబ్రవరి నడిమికి నేల గడ్డకట్టి గునపం దిగదు. పొలం నిండా మంచు. మొక్క నాటాలంటే ఇంకా రెండు నెలలు పైన ఆగాలి. అయినా అక్కడి చిన్న కూరగాయల రైతులు ఆ ఏటి తొలి విత్తనాలు ఆ రోజుల్లోనే వేస్తారు. ముందు ఉల్లి, దాని వెంటే ఉల్లి కుటుంబానిదే అయిన లీక్. ఇంటి సెల్లార్‌లోనో, కాస్త వేడి చేసిన గ్రీన్‌హౌస్‌లోనో, దీపాల కింద, ట్రేలలో.

టమాటా నారు ఇంట్లో పెంచుతారంటే కారణం వెంటనే తెలుస్తుంది. ఒక్క మంచు రాత్రికి ఆ మొక్క మాడిపోతుంది. ఉల్లి అంత సుకుమారం కాదు. తేలికపాటి మంచు పడ్డా తట్టుకుంటుంది. నేల కరగగానే నేరుగా విత్తితే మొలుస్తుంది కూడా. మరి టమాటా కంటే ముందు దీన్ని ఎందుకు మొదలుపెట్టాలి? ఆ రైతు ఆలోచన చలి గురించి కంటే జూన్ నెల పగళ్ల పొడవు గురించి ఎక్కువ. గడ్డ ఎప్పుడు ఊరాలో ఉల్లికి సూర్యుడు చెబుతాడు. ఆ కబురు అందేనాటికి మొక్క దగ్గర ఎన్ని ఆకులుంటే ఆ రైతుకు అంత పంట.

ఉల్లిగడ్డను నిలువునా కోసి చూడండి. అడుగున గట్టి తెల్లని బిళ్ల ఒకటి కనిపిస్తుంది. వంటింట్లో మనం కోసి పారేసేది దాన్నే. ఉల్లి మొక్కకు కాండం అంటే అంతే. కిందికి వేళ్లు, పైకి ఆకులు ఆ బిళ్ల నుంచే పుడతాయి. ప్రతి కొత్త ఆకూ ముందటి ఆకు లోపలి నుంచి పొడుచుకొస్తుంది కాబట్టి ఆకుల మొదళ్లు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. గడ్డ ఊరడమంటే ఆ మొదళ్లు చక్కెరలు, ఫ్రక్టాన్‌లనే చక్కెర గొలుసులు నింపుకుని ఉబ్బడం. బంగాళాదుంపలో ఉండే పిండి ఇందులో ఉండదు. వెలుపలి మొదళ్లు ఎండి పొట్టవుతాయి. లోపలివి కండగల పొరలవుతాయి. నట్టనడుమ మాత్రం పైకి ఆకు తొడగకుండా పొరగానే మిగిలిపోయేవి కొన్ని ఉంటాయి.

ఊరడం మొదలైందంటే మొక్క కొత్త ఆకులు తొడగడం మానేస్తుంది. అప్పటిదాకా పోగైన ఆకులే దాని పెట్టుబడి. పది పన్నెండు ఆకులతో ఆ రోజుకు చేరిన మొక్క పిడికిలికి మించిన గడ్డ ఇస్తుంది. నాలుగు ఆకులతో చేరింది నిమ్మకాయంత ఇచ్చి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఎంత ఎరువు వేసినా, ఎన్ని తడులు పెట్టినా పోయిన ఆకుల లోటు తీరదు.

మొక్కలు పగటి పొడవును కొలుస్తాయన్న సంగతిని 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ లోకానికి చెప్పారు. వాళ్లు మొదట పరిశీలించింది పొగాకును, సోయాను. తర్వాత అల్లార్డ్ మరో శాస్త్రవేత్త మాగ్రూడర్‌తో కలిసి రకరకాల ఉల్లి విత్తనాలను వేర్వేరు పగటి నిడివుల్లో పెంచి చూశాడు. 1937లో వచ్చిన వాళ్ల పరిశోధన పత్రం ప్రకారం ప్రతి రకానికీ తనదైన గీటు ఒకటి ఉంది. పగలు ఆ గీటు దాటితేనే గడ్డ ఊరుతుంది. దాటకపోతే మొక్క ఆకు తర్వాత ఆకు పెడుతూ పోతుంది.

లోపల ఏం జరుగుతోందో తెలియడానికి ఇంకో డెబ్బై ఐదేళ్లు పట్టింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ బృందం 2013లో మూడు జన్యువుల కథ బయటపెట్టింది. మూడూ ఎఫ్‌టీ కుటుంబానివే. ఎఫ్‌టీ1 గడ్డను ఊరమంటుంది. ఎఫ్‌టీ4 దాన్ని అణిచి ఉంచుతుంది. పగళ్లు చాలినంత పొడవయ్యాక ఎఫ్‌టీ4 వెనక్కి తగ్గుతుంది, ఎఫ్‌టీ1 పని మొదలవుతుంది. చలికాలం గడిపి వచ్చిన మొక్కను పూతకు తెచ్చేది ఎఫ్‌టీ2. ఇతర మొక్కల్లో పూతను నడిపే కుటుంబాన్నే ఉల్లి గడ్డ ఊరడానికి కూడా వాడుకుంటోందన్నమాట. ఇంత పొదుపైన ఏర్పాటును మెచ్చుకోకుండా ఉండలేం.

ఈ లెక్కను ఇప్పుడు మెయిన్ రాష్ట్రపు పంచాంగం మీద పెట్టి చూద్దాం. ఆ ప్రాంతం సుమారు 44 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఫిబ్రవరి నడిమికి పగలు పదిన్నర గంటలు. మే మొదటికి 14 గంటలు దాటుతుంది. జూన్ 21 నాటికి పదిహేనున్నర. అక్కడ పండే దీర్ఘ పగటి రకాల గీటు 14 గంటలు, ఆ పైన ఉంటుంది. పగటికి వెచ్చదనం కూడా తోడవ్వాలి కనుక ఊరడం దాదాపు జూన్‌లో మొదలవుతుంది. ఏప్రిల్ చివర చల్లని నేలలో విత్తిన గింజ మొలకెత్తేసరికే మే సగం గడుస్తుంది. అనుకూలిస్తే వారం పది రోజులకో ఆకు చొప్పున, కబురు అందేనాటికి నాలుగైదు ఆకులకు మించవు. ఫిబ్రవరి చివర ట్రేలో వేసిన గింజ అదే ఏప్రిల్ చివరికి మూడు నాలుగు ఆకుల నారుగా పొలంలో అడుగుపెడుతుంది. ఆ ఎనిమిది తొమ్మిది వారాలను పొలం ఇవ్వలేదు. ఇల్లే ఇవ్వాలి.

మన కర్నూలు రైతుకు ఈ హడావుడి లేదు. కర్నూలులో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు 13 గంటలు, చిన్నది పదకొండు గంటల పైచిలుకు. అక్కడ పండే బళ్లారి రెడ్, ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ లాంటివి తక్కువ పగటి రకాలు. వాటికి ఆ పగలే చాలు. నారుమడి ఆరుబయటే పోసుకోవచ్చు. అయినా నాటే వయసు దగ్గర లెక్క ఒకటే. ఆరేడు వారాల నారు నాటాలనీ, మడిలో ముదిరిన నారు పనికిరాదనీ చెప్పడంలో ఈ జీవశాస్త్రమే ఉంది. కిక్కిరిసిన మడిలో ఆకుల నీడ పడుతుంది. ఆకు గుండా జారిన వెలుతురులో ఎరుపు తగ్గి, ఎరుపుకు ఆవలి ఫార్-రెడ్ కాంతి మిగులుతుంది. ఆ కాంతి గడ్డను తొందరపెడుతుంది. ముదిరిన ఒత్తు నారు మడిలోనే బొడిపెలు కట్టేది అందుకే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇండియా నుంచి నాసిక్ ఎర్ర ఉల్లి విత్తనం తెచ్చుకుని న్యూజెర్సీ పెరట్లో ఏప్రిల్‌లో నాటితే గడ్డలు గోలీల సైజు దాటవు. తప్పు నేలది కాదు, నీళ్లదీ కాదు. ఏప్రిల్‌కే అక్కడ పగలు 13 గంటలవుతుంది. తక్కువ పగటి రకానికి మట్టిలో కాలు పెట్టిన రోజే కబురు అందిపోయినట్టు. అక్కడివాళ్లు వాలావాలా, ప్యాటర్సన్ లాంటి దీర్ఘ పగటి రకాలు తీసుకోవాలి. ఆ విత్తనాన్నే గుంటూరుకు తెచ్చి వేస్తే ఉల్లికాడలు దండిగా కోసుకోవచ్చు, గడ్డ మాత్రం చూడలేం. డల్లస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్ల దారి వేరు. అక్కడ చలి తక్కువ కాబట్టి తక్కువ పగటి రకాలను శరదృతువులో వేసి చలికాలమంతా ఆకు పెంచుతారు. టెక్సస్‌లో పేరున్న తీపి ఉల్లి రకానికి 1015 అని పేరు పెట్టింది కూడా అక్టోబర్ 15న విత్తమని గుర్తుచేయడానికే.

మళ్లీ ఫిబ్రవరి ట్రేల దగ్గరికి వద్దాం. ఉల్లి గింజ నల్లగా, మూలలు తేలి ఉంటుంది. గ్రాముకు రెండొందల యాభై దాకా తూగుతాయి. లీక్ గింజలు ఇంకా చిన్నవి. రెండింటికీ ఆయుష్షు తక్కువ. మామూలు గదిలో ఏడాది రెండేళ్లు నిలుస్తాయి, వేడి, తేమ ఉన్నచోట అదీ లేదు. టమాటా విత్తనం నాలుగేళ్ల తర్వాత కూడా మొలుస్తుంది, ఉల్లిని అలా నమ్మి కూర్చోకూడదు. ఏటా కొత్త విత్తనం కొనాలి. మిగిలిందంటే పొడిగా, చల్లగా, గాలి చొరని డబ్బాలో పెట్టి, వాడే ముందు తడి కాగితంలో పాతిక గింజలు మొలకెత్తించి చూసుకోవాలి.

మొలకెత్తడానికి వేడి ఎంత ముఖ్యమో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త హారింగ్టన్ ఇచ్చిన పట్టిక చెబుతుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద ఉల్లి మొలకకు 136 రోజులు పట్టింది. పది డిగ్రీల్లో 13 రోజులు, ఇరవైలో 5, ఇరవై ఐదులో 4. వేడి 35కు పెరిగితే మళ్లీ 13 రోజులు. అంటే 20 నుంచి 25 మధ్య మట్టి ఉండాలి. సెల్లార్ చల్లగా ఉంటుంది కనుక ట్రే కింద హీట్ మ్యాట్ పరుస్తారు. మొలకలు కనిపించగానే దాన్ని తీసేయాలి. ఆ తర్వాత పగలు 15 నుంచి 18 డిగ్రీలుంటే చాలు. వెచ్చగానే ఉంచితే నారు సన్నగా సాగి పడిపోతుంది.

ఆ మొలక పైకి వచ్చే తీరు చూసి తీరాలి. మట్టిలోంచి ముందు కనిపించేది మడత పడిన పచ్చని కొక్కెం. మొలక రెండు కొసలూ ఇంకా మట్టిలోనే ఉంటాయి. ఒక కొస వేరు వైపు, ఇంకో కొస గింజలోనే ఇరుక్కుని అందులోని ఆహారాన్ని పీలుస్తూ ఉంటుంది. ఆహారం అయిపోయాక కొక్కెం నిటారుగా నిలబడి, ఖాళీ నల్ల పెంకును తన కొసన మోసుకుంటూ పైకి లేస్తుంది. ఆ మొదటి పచ్చని పోగు ఆకు కాదు, బీజదళం. మొదటి ఆకు దాని పక్క చీలికలోంచి తర్వాత వస్తుంది. ఆ కొక్కెం విప్పుకునే రెండు మూడు రోజుల్లో పై మట్టి ఎండి పెచ్చు కట్టిందంటే మొలక మధ్యకు విరుగుతుంది. పై మట్టిని అప్పుడు తడిగా ఉంచాల్సింది అందుకే.

విత్తడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది గళ్లు లేని ట్రేలో వరుసలుగా ఒత్తుగా చల్లి, నాటేటప్పుడు వేళ్లు విడదీసి ఒక్కో మొక్కను తీసుకోవడం. ఉల్లి వేళ్లకు కొమ్మలు, నూగు దాదాపు ఉండవు కాబట్టి అంత సులువుగా విడివడతాయి. రెండోది మెయిన్‌లో ఫోర్ సీజన్ ఫార్మ్ నడిపిన ఎలియట్ కోల్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన గుత్తి పద్ధతి. ఆయన పుస్తకం 'ది న్యూ ఆర్గానిక్ గ్రోయర్' 1989లో వచ్చింది. ఒక్కో మట్టి దిమ్మెలో నాలుగైదు గింజలు వేసి, పలచన చేయకుండా గుత్తిని గుత్తిగానే నాటేస్తారు. ఊరేటప్పుడు గడ్డలు ఒకదాన్నొకటి పక్కకు నెట్టుకుని చోటు చేసుకుంటాయి. మూడు అంగుళాలకో మొక్క నాటినా, అడుగుకో నాలుగు మొక్కల గుత్తి నాటినా మడిలో మొక్కల లెక్క ఒకటే. తేడా కలుపు దగ్గర వస్తుంది. గుత్తుల మధ్య అన్ని వైపులా దోకుడుపార తిరుగుతుంది.

నా మట్టుకు గుత్తి పద్ధతే మేలనిపిస్తుంది, ఎందుకంటే లెక్క తేలిక. వంద అడుగుల మడి, మూడు వరుసలు, అడుగుకో గుత్తి అంటే 300 గుత్తులు, 1,200 మొక్కలు. అంతటికీ విత్తనం అయిదారు గ్రాములు సరిపోతుంది. 72 గళ్ల ట్రేలు అయిదు. ఒక బల్ల మీద ఇంత తోట పడుతుంది. దీన్నే ఇంకా వేగంగా చేసే సాధనం జపాన్ నుంచి వచ్చింది. నిప్పన్ బీట్ షుగర్ కంపెనీ తయారుచేసిన కాగితపు గొలుసు ట్రేలో 264 గళ్లుంటాయి. పొలంలో చేతి బండి లాగుతుంటే గొలుసు విప్పుకుంటూ నారు తనంతట తాను చాలులో దిగుతుంది. ఎకరం రెండెకరాల్లో ముప్పై నలభై రకాలు పండించి సంతలోనూ, ఇళ్లకూ నేరుగా అమ్ముకునే మార్కెట్ గార్డెన్ రైతుకు నాటే రోజు నడుం నొప్పి తగ్గడం చిన్న విషయం కాదు.

దీపాల సంగతి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. మిగతా నారుకు 16 గంటల వెలుతురు ఇస్తారు. ఉల్లికీ అలాగే ఇస్తే? పగలు పొడవైందని మొక్క అనుకుని ట్రేలోనే ఊరడం మొదలుపెట్టొచ్చు. లేత మొక్క ఆ కబురుకు అంత త్వరగా స్పందించదు. ట్యూబ్‌లైట్లలో, తెల్ల ఎల్‌ఈడీల్లో ఫార్-రెడ్ కాంతి చాలా తక్కువ కావడం కూడా కలిసివస్తుంది. ఆ ధీమాతోనే కొందరు 16 గంటలు వెలిగిస్తారు. కానీ పన్నెండు గంటలతోనే చక్కని నారు వస్తున్నప్పుడు ఆ తెగువ ఎందుకు? దీపాలు ఎక్కువసేపు వెలిగించడం కంటే వాటిని ఆకులకు నాలుగైదు అంగుళాల దగ్గరికి దించడం వల్ల లాభం ఎక్కువ.

మొలకలు నిలబడ్డాక నీళ్లు ఉదయం పోయాలి, సాయంత్రానికి పైమట్టి ఆరాలి. రాత్రంతా తడిసి ఉన్న ట్రేలో పైథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు చేరి నారుకుళ్లు తెస్తాయి. చిన్న ఫ్యాన్ ఒకటి మెల్లగా తిరుగుతుంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. ఉల్లి వేరు ఉప్పుకు తట్టుకోదు, ఘాటైన ఎరువు దానికి పడదు. అలాగని ఎనిమిది వారాలు గుప్పెడు మట్టితో బతకలేదు కూడా. పలచటి ద్రవ ఎరువు వారానికోసారి ఇవ్వడం మంచిది. నారు జానెడు ఎత్తయి వాలిపోతుంటే కత్తెరతో కొసలు నాలుగు అంగుళాలకు కత్తిరిస్తారు. ఉల్లి ఆకు మొదట్లోంచి పెరుగుతుంది, కొస తెగినా పెరుగుదల ఆగదు. అయితే దీనివల్ల గడ్డ పెద్దదవుతుందన్న మాట నిజం కాదు. కత్తిరించిన ప్రతిసారీ ఆహారం తయారుచేసే ఆకు కొంత పోతుంది. చిక్కు పడకుండా నాటుకోవడానికి ఒకసారి చాలు.

ఇంత చదివాక జనవరిలోనే వేస్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. అక్కడే ఇంకో చిక్కుంది. ఉల్లి రెండేళ్ల మొక్క. మొదటి ఏడు గడ్డ, చలి గడిచాక రెండో ఏడు పూత. పెన్సిల్ మందం దాటిన నారును నాటాక పది డిగ్రీల లోపు చలి కొన్ని వారాలు పట్టుకుందంటే, మొక్క ఒక శీతాకాలం గడిచిందనుకుంటుంది. వేసవిలో నడిమధ్య గట్టి పూతకాడ లేస్తుంది. ఆ గడ్డ నిల్వకు నిలవదు. పెన్సిల్ కంటే సన్నగా ఉన్న నారుకు అదే చలి పట్టదు. అందుకే మెయిన్ రైతు మరీ ముందుకూ పోడు, వెనక్కీ రాడు. నాటే ముందు వారం పది రోజులు ట్రేలను పగలు ఆరుబయట పెట్టి, నీళ్లు తగ్గించి, గాలికీ ఎండకూ అలవాటు చేస్తాడు. ఆకు మీది మైనపు పూత అప్పుడే మందమవుతుంది.

నారు నాటడంలో ఆకుల లెక్కతో పాటు కలుపు లెక్క కూడా ఉంది. ఉల్లి ఆకులు నిటారుగా, సన్నగా ఉండి నేల మీద నీడ వేయవు. గుమ్మడి తన కింద కలుపును అణిచేస్తుంది, ఉల్లికి ఆ బలం లేదు. వేళ్లు కూడా పైపైనే. నేరుగా విత్తితే దారంలాంటి మొలకల మధ్య గడ్డిని వేళ్లతో ఏరాలి. అదే నారైతే, నాటబోయే మడిని ముందే తడిపి, కలుపు మొలిపించి, పైపైన గీకేసి, శుభ్రమైన నేలలో ఎనిమిది వారాల మొక్కను దించవచ్చు. కూలి ఖరీదైన దేశంలో విత్తనం ఖర్చూ, దీపాల కరెంటూ కలిపినా కలుపు తీసే గంటల ముందు తక్కువే.

లీక్‌ది ఇదే కుటుంబమైనా స్వభావం వేరు. అది గడ్డ ఊరదు, జూన్ పగళ్లతో దానికి పనిలేదు. మనం తినేది ఒకదానిలో ఒకటి చుట్టుకున్న ఆకు మొదళ్ల తెల్లని దుంగను. దానికి కావాల్సింది కాలం. త్వరగా వచ్చే కింగ్ రిచర్డ్ రకానికే నాటాక రెండున్నర నెలలు పడుతుంది. చలికి నిలిచే ఫ్రెంచి రకం బ్లూ ద సొలేజ్‌కు అంతకు చాలా ఎక్కువ. వేల్స్ దేశపు చిహ్నం లీక్. ఇంగ్లండ్ ఈశాన్యాన బొగ్గుగని కార్మికులు ఎవరి లీక్ లావో తేల్చుకునేందుకు తరతరాలుగా పోటీలు పెట్టుకున్నారు. అంత ఓపిక కోరే పంట అది.

లీక్ నారు ట్రేలో కాస్త సాగినా రైతు బాధపడడు, అదే కావాలి. ఎండ తగలని భాగంలో పత్రహరితం తయారవదు, అందుకే అది తెల్లగా, మెత్తగా ఉంటుంది. పెన్సిల్ మందం, పది అంగుళాల పొడవు వచ్చిన నారును, గూటంతో పొడిచిన ఆరంగుళాల లోతు రంధ్రంలో జారవిడిచి, కొస రెండు మూడు అంగుళాలు పైకి ఉండేలా చూస్తారు. తర్వాత రంధ్రం నిండా నీళ్లు పోస్తారు. మట్టి కప్పరు. నీటితో జారిన కాస్త మట్టి వేళ్లను పట్టుకుంటే చాలు. మిగతా గుంతను వానలూ, దోకుడూ నెమ్మదిగా పూడుస్తాయి, ఆ లోపు దుంగ లావెక్కుతుంది. మొదటిరోజే మట్టి అదిమితే ఆకుల సందుల్లోకి ఇసుక చేరి, అక్టోబర్‌లో తవ్వినప్పుడు ఎన్ని నీళ్లు పోసినా వదలదు.